ఆఫీసు లాగిన్‌తోనే వెబ్ అప్లికేషన్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఆఫీసు కంప్యూటర్ ఆన్ చేయగానే కొట్టే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి కదా, వాటితోనే మీరు రాసిన వెబ్ అప్లికేషన్‌లోకి కూడా మనుషుల్ని రానివ్వడం ఎలా అన్నదే ఈ పేజీ. సెలవుల దరఖాస్తు, స్టోర్స్ ఇండెంటు, క్యాంటీన్ కూపన్లు లాంటి లోపలి వాడకం అప్లికేషన్లు రాసేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. చాలా ఆఫీసుల్లో ఉండేది మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దానివే. ఆఫీసులోని మనుషుల పేర్లు, పాస్‌వర్డ్‌లు, గ్రూపులు దాచే డైరెక్టరీ సర్వర్ అది. దాన్ని అందరూ అన్నట్టే ఏడీ అని రాస్తాను.

మా అప్లికేషన్‌కు సొంత యూజర్ టేబుల్ ఉంది, బాగానే నడుస్తోంది. ఎందుకు మార్చాలి?

ఎవరో ఒకరు ఉద్యోగం మానేసేదాకా బాగానే నడుస్తుంది. మనిషి వెళ్లిపోయిన రోజు హెచ్‌ఆర్ నుంచి కబురు రాగానే సిస్టమ్ అడ్మిన్ ఏడీలో అకౌంట్ డిసేబుల్ చేస్తాడు. మీ టేబుల్ సంగతి ఆ పూట ఎవరికీ గుర్తుండదు. ఒకసారి మీ టేబుల్ తెరిచి పేర్లు పైనుంచి కిందికి చదివి చూడండి. రిటైరైనవాళ్లు, బదిలీ అయినవాళ్లు, ఆరు నెలల కాంట్రాక్టు మీద వచ్చి వెళ్లినవాళ్లు అందరూ అక్కడే క్షేమంగా ఉంటారు.

ఇంకో సంగతి. మీరు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటే జనం కొత్తది పెట్టుకోరు, కంప్యూటర్‌దే ఇక్కడా కొడతారు. అంటే ఆఫీసు పాస్‌వర్డ్‌లు ఎలాగూ మీ టేబుల్‌లోకి వచ్చేశాయి. అది ఎవరి చేతికైనా చిక్కితే పోయేది మీ అప్లికేషన్ ఒక్కటే కాదు.

ఎల్‌డ్యాప్, ఏడీ రెండూ ఒకటేనా?

కాదు. ఎల్‌డ్యాప్ డైరెక్టరీతో మాట్లాడే ఒక భాష, ఏడీ ఆ భాష తెలిసిన ఒక సర్వర్. ఇద్దరు తెలుగులో మాట్లాడుకున్నంత మాత్రాన వాళ్లిద్దరూ ఒకరే కాదుగా.

కొంచెం వెనక్కి వెళితే, 1988లో ఎక్స్.500 అనే పెద్ద డైరెక్టరీ ప్రమాణం వచ్చింది. మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్లు దాన్ని మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవెస్, ఆయన సహచరులు దానికి తేలికైన రూపం ఒకటి తయారుచేశారు, అదే ఎల్‌డ్యాప్. 1993లో మొదటి ప్రమాణపత్రం, 1997లో మూడో వెర్షన్ వచ్చాయి. ఇప్పటికీ అందరం వాడుతున్నది ఆ మూడో వెర్షనే. మైక్రోసాఫ్ట్ 2000లో విండోస్ 2000 సర్వర్‌తో పాటు ఏడీని తెచ్చింది. ఓపెన్‌ఎల్‌డ్యాప్, 389 డైరెక్టరీ సర్వర్, ఫ్రీఐపీఏ ఉచితంగా దొరికేవి. సాంబా కూడా 2012 చివర్లో వచ్చిన 4.0 నుంచి ఏడీ డొమైన్ కంట్రోలర్‌గా, అంటే ఏడీని నడిపే సర్వర్‌గా, పనిచేయగలదు.

మీ కోడ్‌కు వీటి మధ్య తేడా ఫీల్డ్ పేర్ల దగ్గర మొదలవుతుంది. లాగిన్ పేరు ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో మామూలుగా యూఐడీ అనే ఫీల్డ్‌లో ఉంటుంది, ఏడీలో శామ్‌అకౌంట్‌నేమ్‌లో ఉంటుంది. ఎక్కడో దొరికిన కోడ్ తెచ్చి పెడితే ‘యూజర్ దొరకలేదు’ అని వస్తోందంటే నూటికి తొంభై పాళ్లు ఇదే.

పాస్‌వర్డ్‌ను డైరెక్టరీ నుంచి తెచ్చుకుని యూజర్ కొట్టినదానితో పోల్చాలా?

అస్సలు వద్దు. ఏడీ అయితే ఎల్‌డ్యాప్‌లో ఎవరు అడిగినా పాస్‌వర్డ్‌ను బయటికి ఇవ్వదు, దాని హ్యాష్‌ను కూడా ఇవ్వదు. మీరు చేయాల్సింది బైండ్. ‘నేను ఫలానా, ఇదిగో నా పాస్‌వర్డ్’ అని డైరెక్టరీ గుమ్మం దగ్గర చెప్పుకోవడమే బైండ్ అంటే. తలుపు తీస్తే పాస్‌వర్డ్ సరైనదే.

చిక్కేమిటంటే గుమ్మం దగ్గర చెప్పాల్సింది యూజర్ కొట్టిన చిన్న పేరు కాదు, డీఎన్ అనే పూర్తి చిరునామా. ‘సీఎన్=రమేశ్, ఓయూ=అకౌంట్స్, డీసీ=ఆఫీసు, డీసీ=లోకల్’ లాంటిది. సీఎన్ అంటే పేరు, ఓయూ అంటే విభాగం, డీసీ అంటే డొమైన్ పేరులో ఒక ముక్క. అది యూజర్‌కు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. అందుకే పని రెండు అంగల్లో జరుగుతుంది. ముందు అప్లికేషన్ తన సొంత సర్వీస్ అకౌంట్‌తో బైండ్ అయి, ‘రమేశ్ అనే లాగిన్ పేరున్న మనిషి ఎక్కడున్నాడు’ అని వెతుకుతుంది. సరిగ్గా ఒకే ఒక్క ఫలితం రావాలి. సున్నా వచ్చినా, రెండు వచ్చినా అక్కడే ఆపేయాలి. ఆ ఒక్కదాని డీఎన్ పట్టుకుని, యూజర్ కొట్టిన పాస్‌వర్డ్‌తో వేరే కనెక్షన్ మీద మళ్లీ బైండ్ చేయాలి. అది కుదిరితే లాగిన్ అయినట్టు.

ఏడీలో దగ్గరి దారి ఒకటుంది. ఈమెయిల్‌లా కనిపించే యూజర్‌ప్రిన్సిపల్‌నేమ్‌తో గానీ, డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్‌నేమ్ కలిపి గానీ నేరుగా బైండ్ కావచ్చు. చిన్న అప్లికేషన్‌కు అది చాలు. అయితే లోపలికి వచ్చాక ఆ మనిషి గురించి ఎలాగూ వెతకాల్సి వస్తుంది కాబట్టి నా ఓటు మాత్రం మొదటి పద్ధతికే.

సర్వీస్ అకౌంట్ లేకుండా వెతకలేమా?

విండోస్ సర్వర్ 2003 నుంచి ఏడీ పేరు చెప్పనివాళ్లను మామూలుగా వెతకనివ్వదు. అకౌంట్ కావాల్సిందే. దానికి చదివే హక్కు చాలు. ‘టైమ్ లేదు సార్, ఇప్పటికి అన్ని హక్కులూ ఉన్న డొమైన్ అడ్మిన్ అకౌంట్ పెట్టేద్దాం, తర్వాత మారుద్దాం’ అనేవాళ్లుంటారు. ఆ తర్వాత అన్నది ఎప్పటికీ రాదు. ఆ పాస్‌వర్డ్ మీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో, అక్కణ్ణించి గిట్‌లో, అక్కణ్ణించి ఇద్దరు ముగ్గురి ల్యాప్‌టాప్‌లలో తేలుతుంది.

ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో సర్వీస్ అకౌంట్ అడగండి. అన్నిటికీ ఒకటే వాడితే, దాని పాస్‌వర్డ్ మార్చిన రోజు ఏది ఆగిపోతుందో ఎవరికీ తెలియదు.

పాస్‌వర్డ్ కొట్టకుండానే లాగిన్ అవుతోందని ఒకరు ఫిర్యాదు చేశారు. అలా జరుగుతుందా?

జరుగుతుంది. నాకు జరిగింది.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట సెలవుల అప్లికేషన్ నేనే రాశాను. పెట్టి నెల దాటింది. ఒక మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక క్లర్కు వచ్చి, ‘సార్, పాస్‌వర్డ్ కొట్టడం మర్చిపోయి ఎంటర్ నొక్కాను, లోపలికి వెళ్లిపోయింది’ అన్నాడు. బ్రౌజర్ గుర్తుపెట్టుకుని ఉంటుందిలే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సరే చూద్దామని నా పైఅధికారి యూజర్‌నేమ్ కొట్టి, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కాను. ఆయన సెలవుల చిట్టా, ఆయన కింద పదకొండు మంది దరఖాస్తులు, పక్కన అప్రూవ్ బటన్‌తో సహా తెర మీదికి వచ్చాయి. ఆ నిమిషం టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

సంగతేమిటంటే, ఎల్‌డ్యాప్‌లో పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే ‘ఈయన ఎవరో నిరూపించుకోదలచుకోలేదు, అనామకుడిగా వస్తున్నాడు’ అని అర్థం. చాలా సర్వర్లు దానికి ‘సరే, రండి’ అంటాయి. ఆ సరేను నా కోడ్ పాస్‌వర్డ్ సరైనదన్నట్టుగా తీసుకుంది. డైరెక్టరీ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్న ఒకటి, అడిగాననుకున్న ప్రశ్న ఇంకొకటి. 2006 నాటి ఎల్‌డ్యాప్ ప్రమాణపత్రంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరిక ఉంది. నేను ఆ తర్వాతే చదివాను.

ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఇలాంటి బైండ్‌ను మామూలుగా తిప్పికొడుతుంది. ఏడీ ఎవరైనా సెట్టింగ్ మార్చకపోతే ఒప్పుకుంటుంది. ఆ సెట్టింగ్ కూడా విండోస్ సర్వర్ 2019 నుంచే ఉంది. కాబట్టి సర్వర్‌ను నమ్ముకోవద్దు. బైండ్ చేసే ఫంక్షన్ లోపల, మొట్టమొదటి లైన్‌లో, పాస్‌వర్డ్ ఖాళీ అయితే ‘కుదరదు’ అని వెనక్కి పంపండి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో ఆపాం కదా అంటే సరిపోదు.

దీనికి తమ్ముడు లాంటి బగ్ ఇంకొకటుంది. వెతికితే మనిషి దొరకలేదు, డీఎన్ ఖాళీ స్ట్రింగ్‌గా మిగిలింది, కోడ్ అది చూసుకోకుండా ఖాళీ డీఎన్‌తో బైండ్ చేసింది. కొన్ని సర్వర్లు దాన్నీ అనామక బైండ్‌గా తీసుకుని ఒప్పుకోవచ్చు. అంటే ఊళ్లో లేని మనిషి పేరుతో కూడా లోపలికి రావచ్చు.

యూజర్‌నేమ్ గడిలో నక్షత్రం గుర్తు కొడితే ఏమవుతుంది?

మీరు ఆ అక్షరాన్ని అలాగే సెర్చ్ ఫిల్టర్‌లోకి తోసేస్తే, అందరూ దొరుకుతారు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ గురించి ప్రతి ఇంటర్వ్యూలో అడుగుతారు గానీ, దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఫిల్టర్‌లో నక్షత్రం, రెండు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్, సున్నా బైట్‌లకు ప్రత్యేకమైన అర్థం ఉంది. వీటి బదులు బ్యాక్‌స్లాష్ పెట్టి హెక్సా అంకె రాయాలి: నక్షత్రానికి 2ఎ, బ్రాకెట్లకు 28, 29, బ్యాక్‌స్లాష్‌కు 5సి, సున్నా బైట్‌కు 00. చాలా భాషల ఎల్‌డ్యాప్ లైబ్రరీల్లో దీనికి ఫంక్షన్ ఉంటుంది, అదే వాడండి. డీఎన్‌లో నియమాలు వేరు, అక్కడ కామాతోనే అసలు తంటా. ‘రెడ్డి, రమేశ్’ అని పేరు నమోదు చేసిన ఒక్క అకౌంట్ చాలు, డీఎన్‌ను కామాల దగ్గర విడగొట్టే కోడ్ తలకిందులు కావడానికి.

389 పోర్టా, 636 పోర్టా?

389 మీద మామూలు బైండ్ చేస్తే పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద పోస్టుకార్డులా వెళుతుంది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 636 మీద మొదటి నుంచే టీఎల్‌ఎస్, అంటే మాటల్ని గుప్తం చేసే తొడుగు, ఉంటుంది. 389 మీద కూడా కనెక్ట్ అయ్యాక స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే ఆదేశంతో గుప్తం చేసుకోవచ్చు. రెండూ మంచివే. స్టార్ట్‌టీఎల్‌ఎస్ వాడితే మాత్రం అది విఫలమైనప్పుడు కోడ్ అక్కడే ఆగాలి, గుప్తం లేకుండా ముందుకు పోకూడదు.

అసలు గొడవ సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. ఏడీ సర్వర్ సర్టిఫికెట్‌ను ఆఫీసు సొంత సర్టిఫికెట్ అథారిటీ ఇచ్చి ఉంటుంది, దాన్ని మీ లినక్స్ సర్వర్ గుర్తుపట్టదు. ‘కాంటాక్ట్ చేయలేకపోతున్నాం’ అని ఒక పనికిరాని ఎర్రర్ వస్తుంది. వెతికితే మొదటి జవాబులోనే సర్టిఫికెట్ తనిఖీ ఆపేయమని ఉంటుంది. ఆపేస్తే పనిచేస్తుంది కూడా. కానీ మధ్యలో ఎవరో ఏడీ వేషం వేసుకుని కూర్చుంటే మీ అప్లికేషన్ అందరి పాస్‌వర్డ్‌లూ వాళ్ల చేతిలో పెడుతుంది. అడ్మిన్‌ను అడిగి రూట్ సర్టిఫికెట్ తెచ్చుకుని సర్వర్‌లో పెట్టుకోండి, పది నిమిషాల పని. ఐపీ అడ్రస్‌తో కాకుండా సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే కనెక్ట్ కావాలి.

‘ఇన్నాళ్లూ 389 మీద బాగానే నడిచింది’ అనేవాళ్లకు ఒక మాట. గుప్తం, సంతకం లేని ఎల్‌డ్యాప్‌ను బిగించమని మైక్రోసాఫ్ట్ 2019లోనే సూచన ఇచ్చింది. విండోస్ సర్వర్ 2025తో కొత్తగా పెట్టే డొమైన్లలో మామూలుగా సంతకం, అంటే దారిలో సందేశాన్ని ఎవరూ మార్చలేదన్న రుజువు, తప్పనిసరి. ఇంకా భద్రమైన పద్ధతిలో రమ్మని చెప్పే ఎర్రర్ నంబరు 8 కనిపించిన రోజు ‘నిన్నటిదాకా పనిచేసిందే’ అని తలపట్టుకోకుండా ఇప్పుడే మారిపోండి.

లాగిన్ బాగా పనిచేస్తోంది. కానీ ఆఫీసులో అందరూ వచ్చేస్తున్నారు!

మీరు అడిగింది ‘ఈయన రమేశేనా’ అని. డైరెక్టరీ అవునంది. ‘రమేశ్‌ను జీతాల పేజీలోకి రానివ్వవచ్చా’ అన్నది వేరే ప్రశ్న, అది మీరు అడగనే లేదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూడటం వేరు, లాకర్ గది తాళం ఇవ్వడం వేరు.

మామూలుగా దీన్ని గ్రూపులతో చేస్తారు. మీ అప్లికేషన్ పేరు మీద ఏడీలో రెండు మూడు గ్రూపులు పెట్టించి, యూజర్ వాటిలో ఉన్నాడో లేడో మెంబర్‌ఆఫ్ ఫీల్డ్‌లో చూస్తారు. ఇందులో గుంటలు మూడు.

మొదటిది, గ్రూపులో గ్రూపు. అకౌంట్స్ విభాగం మొత్తాన్ని ఒక గ్రూపుగా మీ గ్రూపులో చేరిస్తే, మెంబర్‌ఆఫ్‌లో విభాగం పేరు కనిపిస్తుంది గానీ మీ గ్రూపు పేరు కనిపించదు. ఏడీలో దీనికోసం 1.2.840.113556.1.4.1941 అనే పొడుగాటి నంబరుతో ఒక సెర్చ్ నియమం ఉంది, అది గొలుసంతా తవ్వి చెబుతుంది. పెద్ద డైరెక్టరీలో నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ప్రతి పేజీకీ కాకుండా లాగిన్ అప్పుడు ఒక్కసారి అడగండి.

రెండోది, ప్రైమరీ గ్రూపు. మామూలుగా డొమైన్ యూజర్స్ అన్నమాట. ఇది మెంబర్‌ఆఫ్‌లో అసలు కనిపించదు. ‘డొమైన్ యూజర్స్‌లో ఉంటే రానివ్వు’ అని రాసి, ఒక్కరూ రాలేకపోతున్నారని ఒక రోజంతా వెతుక్కున్నవాళ్లు నాకు తెలుసు.

మూడోది ఓపెన్‌ఎల్‌డ్యాప్ వాడేవాళ్లకు. అక్కడ మెంబర్‌ఆఫ్ దానంతటది రాదు, అడ్మిన్ ఓవర్‌లే అనే అదనపు భాగం పెట్టాలి.

నా సలహా: మనిషి ఎవరన్నది ఏడీని అడగండి. ‘ఈ ఇండెంటును ఎవరు మంజూరు చేయవచ్చు’ లాంటి సన్నటి లెక్కలన్నీ మీ డేటాబేస్‌లోనే ఉంచుకోండి. ప్రతి చిన్న అనుమతికీ ఒక ఏడీ గ్రూపు అడిగితే అడ్మిన్ మీ ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

మా టేబుల్‌లో యూజర్‌ను ఏ ఫీల్డ్‌తో గుర్తుపెట్టుకోవాలి?

యూజర్‌నేమ్‌తో వద్దు, ఈమెయిల్‌తో వద్దు, డీఎన్‌తో అసలే వద్దు. ఇవన్నీ మారతాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే యూజర్‌నేమ్ మారవచ్చు, వేరే విభాగానికి బదిలీ అయితే డీఎన్ మారుతుంది. ఇంకా ప్రమాదకరమైనది ఏమిటంటే, ఒకరు వెళ్లిపోయాక అదే యూజర్‌నేమ్ కొత్తగా వచ్చినవాళ్లకు ఇస్తారు. కె. శ్రీనివాస్‌లకు మన దగ్గర కొదవ లేదు కదా. పాత శ్రీనివాస్ గారి అనుమతులు, ఫైళ్లు అన్నీ మొన్న చేరిన కుర్రాడికి వారసత్వంగా వస్తాయి.

ఏడీలో ఆబ్జెక్ట్‌జీయూఐడీ అనే ఫీల్డ్ ఉంది. అకౌంట్ పుట్టినప్పుడు వచ్చిన ఆ నంబరు మారదు. టేబుల్‌లో అది దాచుకోండి, పేరు, ఈమెయిల్ ప్రతి లాగిన్‌కూ తాజాగా రాసుకోండి. అది 16 బైట్ల బైనరీ విలువ, మొదటి మూడు ముక్కల్లో బైట్లు తిరగేసి ఉంటాయి. అందుకే మీరు చూసే నంబరు, అడ్మిన్ తెర మీద కనిపించే నంబరు కలవకపోతే కంగారు పడకండి. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో ఇదే పనికి ఎంట్రీయూయూఐడీ ఉంది.

మన పేర్లతో ఏమైనా ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయా?

ఉన్నాయి. ఏడీలో యూజర్ల శామ్‌అకౌంట్‌నేమ్ 20 అక్షరాలు దాటకూడదు. వెంకటసత్యనారాయణ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి లెక్కపెట్టండి, సరిగ్గా 20 వస్తాయి. ఆ పేరు చివర మూర్తి ఉన్న పెద్దాయన మూర్తిని గుమ్మం బయటే వదిలి రావాలి. ఆయన మాత్రం లాగిన్ గడిలో పూర్తి పేరే కొడతారు, ‘మీ అప్లికేషన్ పనిచేయడం లేదు’ అని ఫోన్ చేస్తారు. యూజర్‌ప్రిన్సిపల్‌నేమ్‌కు ఈ 20 అక్షరాల హద్దు లేదు. లాగిన్ గడి రెండింటినీ ఒప్పుకునేలా రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

తర్వాత ఇంటిపేరు. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లాంటి వాటిలో వాడే ప్రామాణిక స్కీమాలో ఎస్‌ఎన్, అంటే ఇంటిపేరు ఫీల్డ్, తప్పనిసరి. మనవాళ్లలో కొందరికి అక్కడ ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, కొందరికి అసలు పేరే వెళ్లి అక్కడ కూర్చుంటుంది. ‘గివెన్‌నేమ్, ఎస్‌ఎన్ కలిపి చూపిస్తే పేరు వస్తుంది’ అనుకుని రాసిన పేజీలో ‘ప్రసాద్ ప్రసాద్ గారికి స్వాగతం’ అని కనిపించడం నేను చూశాను. డిస్‌ప్లేనేమ్ ఫీల్డ్ ఉన్నదే అందుకు, అది చూపించండి. ఎల్‌డ్యాప్ మూడో వెర్షన్ అంతా యూటీఎఫ్-8 కాబట్టి అందులో తెలుగులో పేరు పెట్టించుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఎర్రర్ 49 వస్తోంది. పాస్‌వర్డ్ మాత్రం సరైనదే.

49 అంటే ‘మీ వివరాలు చెల్లవు’ అనే. అసలు కారణం ఏడీ పంపే పొడుగాటి సందేశంలో డేటా అన్న మాట పక్కన ఉంటుంది. దాన్ని లాగ్‌లో రాసుకోండి. 525 అయితే అలాంటి యూజరే లేడు. 52ఇ అయితే పాస్‌వర్డ్ తప్పు. 530 అంటే ఈ సమయంలో లాగిన్‌కు అనుమతి లేదు, 532 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 533 అంటే అకౌంట్ డిసేబుల్ అయింది, 701 అంటే అకౌంట్ గడువే తీరింది. 773 అంటే ముందు పాస్‌వర్డ్ మార్చుకోవాలి, 775 అంటే అకౌంట్ లాక్ అయింది.

కొత్తగా చేరినవాళ్లంతా ‘లాగిన్ కావడం లేదు’ అంటుంటే 773 అనుమానించండి. మొదటి రోజు పాస్‌వర్డ్ మార్చుకోమని అడ్మిన్ టిక్కు పెట్టి ఉంటాడు, వాళ్లింకా విండోస్‌లోకి ఒక్కసారి కూడా వెళ్లి ఉండరు.

తెర మీద మాత్రం ఇవన్నీ చూపించవద్దు. 525కూ 52ఇకూ బయటికి ఒకే మాట చెప్పాలి, లేకపోతే ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు అని బయటివాళ్లు మీ లాగిన్ పేజీలోనే ఏరుకుంటారు.

లాగిన్ కుదురుతోంది గానీ సెర్చ్ నిమిషం సేపు కదలదు, తర్వాత ‘ఆపరేషన్స్ ఎర్రర్’ వస్తుంది.

డొమైన్ మొదట్నుంచి వెతుకుతున్నారు కదూ? ఏడీ ఫలితాలతో పాటు ‘అటు కూడా వెళ్లి చూడండి’ అని రెఫరల్స్ ఇస్తుంది. మీ లైబ్రరీ వాటి వెంట పరుగెడుతుంది, అక్కడ పేరు చెప్పకుండా తలుపు కొడుతుంది. రెఫరల్స్ వెంట వెళ్లడం ఆపేయండి, లేదా ఫలానా ఓయూ నుంచి మాత్రమే వెతకండి. చాలా డొమైన్లున్న చోట 3268 పోర్టు మీద, అన్ని డొమైన్ల వివరాలూ ఉండే గ్లోబల్ క్యాటలాగ్‌ను అడగవచ్చు, టీఎల్‌ఎస్‌తో అయితే 3269. అక్కడ అన్ని ఫీల్డులూ ఉండవని గుర్తుంచుకోండి.

మా అప్లికేషన్ వల్ల అకౌంట్లు లాక్ అవుతున్నాయంటున్నారు.

అయి ఉండవచ్చు. ఒక లాగిన్ ప్రయత్నానికి మీ కోడ్ ఎన్నిసార్లు బైండ్ చేస్తోందో లెక్కపెట్టండి. విఫలమైతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని ఎవరో రాసి ఉంటారు. ఐదు తప్పులకు లాక్ అని ఆఫీసు విధానం ఉంటే యూజర్ రెండుసార్లు తప్పు కొట్టగానే అయిపోయింది. సర్వర్ అందనప్పుడు మళ్లీ ప్రయత్నించవచ్చు గానీ, 49 వచ్చాక ప్రయత్నించకూడదు.

అప్లికేషన్ ఇంటర్నెట్‌లో కనిపిస్తుంటే ఇంకా ప్రమాదం. మీ లాగిన్ పేజీలో ఎవరో కూర్చుని ఎండీ గారి యూజర్‌నేమ్‌తో తప్పు పాస్‌వర్డ్‌లు కొడుతుంటే, ఆఫీసులో ఆయన కంప్యూటరే తెరుచుకోదు. డైరెక్టరీ లెక్క నిండకముందే మీ పేజీ తనంతట తానే ఆపాలి.

పాస్‌వర్డ్ మార్చాక కూడా పాతదానితో లాగిన్ అవుతోంది. మీ కోడ్‌లో బగ్ అంటున్నారు.

మీ కోడ్ పాత జవాబును దాచుకుని (క్యాష్ చేసి) వాడటం లేదు కదా? అయితే బగ్ కాదు. ఏడీలో పాస్‌వర్డ్ మార్చిన తర్వాత ఒక గంట వరకు పాతది కూడా చెల్లే ఏర్పాటు ఉంది, మార్పు అన్ని డొమైన్ కంట్రోలర్లకూ చేరేలోపు జనం ఇబ్బంది పడకూడదని. ఎల్‌డ్యాప్ బైండ్‌లో ఇది కనిపిస్తుంది. ఒక గంట ఆగి మళ్లీ చూడమనండి.

అసలు పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానివ్వలేమా? విండోస్‌లో లాగిన్ అయ్యే ఉన్నారు కదా.

రానివ్వవచ్చు, అది కెర్బెరోస్ పని. 1980లలో ఎంఐటీ అథీనా ప్రాజెక్టులో పుట్టింది, ఏడీ లోపల మొదటి నుంచీ ఉన్నది అదే. సినిమా హాల్ టికెట్ లాంటిది. కౌంటర్ దగ్గర ఒకసారి గుర్తింపు చూపించి టికెట్ తీసుకుంటే, హాల్ గుమ్మం దగ్గర మళ్లీ పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. బ్రౌజర్ ఆ టికెట్‌ను ఆథరైజేషన్ హెడర్‌లో, నెగోషియేట్ అనే పద్ధతిలో మీ సర్వర్‌కు పంపుతుంది. మీ అప్లికేషన్ పాస్‌వర్డ్‌ను చూడనే చూడదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది అదే.

ఇది ఆగిపోతే చూడాల్సినవి: గడియారాలు, మామూలుగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు. సైట్ పేరు మీద సర్వీస్ ప్రిన్సిపల్, అంటే ఆ సైట్‌కు ఏడీలో ఉండే గుర్తింపు పేరు, నమోదై ఉండాలి, అది రెండు అకౌంట్ల మీద ఉంటే ఒక్కటీ పనిచేయదు. సైట్‌ను ఐపీ అడ్రస్‌తో తెరవకూడదు. బ్రౌజర్ ఆ సైట్‌ను ఆఫీసుదిగా నమ్మేలా సెట్టింగ్ ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఒక్క మేనేజర్ గారికి మాత్రమే 400 ఎర్రర్ వస్తోందా? ఆయన మరీ ఎక్కువ గ్రూపుల్లో ఉన్నారు. టికెట్ లావెక్కి హెడర్‌లో పట్టడం లేదు. వెబ్ సర్వర్‌లో హెడర్ సైజు పెంచండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కూడా వాడాలి. ఎల్‌డ్యాప్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమందామా?

వద్దు. ఇలాంటి చోట మధ్యలో ఒక లాగిన్ సర్వర్ ఉండాలి. అదే డైరెక్టరీతో మాట్లాడి, మీ అప్లికేషన్‌కు సంతకం చేసిన చీటీ ఇస్తుంది. ఆ చీటీ 2005లో వచ్చిన శామ్ల్ 2.0 పద్ధతిలో ఉండవచ్చు, 2014లో వచ్చిన ఓపెన్ఐడీ కనెక్ట్‌లో ఉండవచ్చు. కొత్తగా రాసేవాళ్లు రెండోది ఎంచుకోండి, ఎక్స్‌ఎంఎల్ సంతకాల తలనొప్పి ఉండదు. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ ఉంటే (2023 దాకా దాని పేరు అజూర్ ఏడీ) అదే ఈ పని చేస్తుంది. లేకపోతే కీక్లోక్ అనే లాగిన్ సర్వర్ ఉచితంగా దొరుకుతుంది, మీ ఏడీకి తగిలించుకోవచ్చు. ఫోన్‌కు ఓటీపీ లాంటి రెండో తనిఖీ కూడా ఒకే చోట పెట్టుకోవచ్చు.

నిజం చెప్పాలంటే, ఈరోజు నేను కొత్త అప్లికేషన్ మొదలుపెడితే నేరుగా ఎల్‌డ్యాప్ జోలికి వెళ్లను. పైన చెప్పిన ఖాళీ పాస్‌వర్డ్, నక్షత్రం, రెఫరల్ గొడవలన్నీ ఆ లాగిన్ సర్వర్ రాసినవాళ్లు ఒకసారి పడ్డారు. మళ్లీ మనం పడటం దేనికి?

ఉద్యోగి అకౌంట్ డిసేబుల్ చేశారు. అయినా సాయంత్రం దాకా మా అప్లికేషన్‌లో తిరుగుతూనే ఉన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి అడిగారు, డైరెక్టరీ అవునంది. పదకొండింటికి డిసేబుల్ చేశారు. ఆ తర్వాత మీరు మళ్లీ అడగలేదు. సెషన్ కాలం తగ్గించండి, లేదా పావుగంటకోసారి సర్వీస్ అకౌంట్‌తో యూజర్‌అకౌంట్‌కంట్రోల్ ఫీల్డ్ చూడండి. అందులో 2 అనే బిట్ ఉంటే డిసేబుల్ అయినట్టు. మామూలు అకౌంట్‌కు 512, డిసేబుల్ అయితే 514 కనిపిస్తుంది. అంకెల్ని నేరుగా పోల్చకండి, వేరే బిట్లు కూడా కలిసి ఉంటాయి. గడువు తేదీ వేరే ఫీల్డ్‌లో ఉంటుంది, అదీ చూడండి.

డైరెక్టరీ సర్వర్ పడిపోతే?

ఒక్క సర్వర్ పేరే రాసిపెట్టుకుంటే మీరూ పడిపోతారు. రెండు డొమైన్ కంట్రోలర్ల పేర్లు ఇచ్చి, కనెక్షన్‌కు మూడు నాలుగు సెకన్ల టైమౌట్ పెట్టండి. టైమౌట్ పెట్టకపోతే ఒక సర్వర్ మూలిగినప్పుడు మీ వెబ్ సర్వర్ థ్రెడ్లన్నీ దాని కోసం క్యూలో నిలబడతాయి, లాగిన్‌తో సంబంధం లేని పేజీలు కూడా ఆగిపోతాయి. అత్యవసరానికి అప్లికేషన్‌లో ఒకే ఒక్క సొంత అడ్మిన్ అకౌంట్ ఉంచుకోవచ్చు. పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీల్ వేసి బీరువాలో దాచండి, వాడితే అందరికీ మెయిల్ వెళ్లేలా చూడండి.

యూజర్ల జాబితా 1000 దగ్గర ఆగిపోతోంది.

ఏడీ ఒక విడతలో ఇచ్చేది మామూలుగా అంతే. పేజీలుగా అడగండి. హద్దు పెంచమని అడ్మిన్‌ను అడగవద్దు.

పెట్టేముందు ఏమేం పరీక్షించాలి?

సొంత అకౌంట్‌తో లాగిన్ అయి, పనిచేసింది అనుకోవడమే అందరూ చేసే పరీక్ష. అడ్మిన్‌ను అడిగి కొన్ని టెస్ట్ అకౌంట్లు పెట్టించుకోండి: డిసేబుల్ చేసినది ఒకటి, గడువు తీరినది ఒకటి, లాక్ అయినది ఒకటి, మొదటిసారి పాస్‌వర్డ్ మార్చుకోవాల్సినది ఒకటి, ఏ గ్రూపులోనూ లేనిది ఒకటి, గ్రూపులో గ్రూపు ద్వారా మాత్రమే అనుమతి ఉన్నది ఒకటి, పేరులో కామా, బ్రాకెట్లు ఉన్నది ఒకటి. ఒక్కోదానితో లాగిన్ అయి ఏం వచ్చిందో రాసుకోండి. తర్వాత మీ పైఅధికారి యూజర్‌నేమ్ కొట్టి, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి, ఎంటర్ నొక్కండి.